ఈస్టరుకని చెప్పిన బాప్తిస్మం

బూడిద బుధవారం ఆరాధన ముగిశాక, ఆ ప్రాంతపు చర్చిలన్నిటికీ పెద్ద అయిన సినడ్ అధ్యక్షులు పీఠం మీద నుంచి మాట్లాడలేదు. కిందికి దిగి వచ్చి, మొదటి బెంచీ మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. మంచి కబురు తెచ్చిన మనిషి ఇట్లా దిగి రాడని సొన్నమ్మకు అప్పుడే అనిపించింది.

కోలారు బంగారు గనులు మూతపడి నాలుగేళ్ళవుతోంది. గని కార్మికులుండే చాంపియన్ రీఫ్ లైన్లలోని ఆ తెలుగు లూథరన్ చర్చిలో ఒకప్పుడు బెంచీలు చాలక గడప బయట చాపలు పరిచేవాళ్ళు. ఇప్పుడు ముందు నాలుగు బెంచీలు నిండితే గొప్ప. వచ్చేది ముసలివాళ్ళు, గనిలో పనిచేసి పోయినవాళ్ళ భార్యలు. వయసులో ఉన్నవాళ్ళు తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, చీకటి పడ్డాక దిగుతారు. ఆదివారం వాళ్ళకు నిద్రపోయే రోజు.

అధ్యక్షులు చెప్పింది కూడా అదే. ఇంత చిన్న సంఘానికి వేరుగా పాస్టరును పెట్టడం ఇక కుదరదన్నారు. ఇప్పటికే తీతు అయ్యగారు మూడు ఊళ్ళు తిరుగుతున్నారు. మీరంతా అరవ సంఘంలో కలిసిపోవచ్చు, వాళ్ళు సంతోషంగా చేర్చుకుంటారు. లేదూ, మాకు భవిష్యత్తు ఉందంటారా, ఈ నలభై రోజుల శ్రమకాలమంతా కూర్చుని ఆలోచించుకోండి, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం మీటింగు పెట్టి తేల్చండి, ఈస్టరుకు నేనే వస్తానన్నారు. మనిషి నెమ్మదస్తుడు. ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. చివర్న మాత్రం, ఈ సంఘంలో ఆఖరి బాప్తిస్మం ఎప్పుడు జరిగిందని అడిగారు.

ఎవరూ మాట్లాడలేదు. సంఘ పెద్ద ఓబలప్ప తల వంచుకున్నాడు. తీతు అయ్యగారు ఏదో చెప్పబోయి ఊరకున్నాడు. ఆ మౌనం సొన్నమ్మ భరించలేకపోయింది. ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నిలబడింది.

"ఈ ఈస్టరుకు ఉండాదయ్యా, నా మనవరాలికి" అంది.

చర్చిలో గాలి తిరిగినట్టయింది. అధ్యక్షుల ముఖం వికసించింది. ఆ బాప్తిస్మం నా చేతులతో నేనే ఇస్తానన్నారు. బయటికి వచ్చేటప్పుడు, ఎప్పుడూ పక్కన కూర్చునే ముసలి చెన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఓబలప్ప అయితే కళ్ళు తుడుచుకున్నాడు.

కొడుకును అడక్కుండా చెప్పేశానన్న సంగతి ఆమెకు ఇంటికి పోతుండగా గుర్తొచ్చింది. అది పెద్ద తప్పనుకోలేదు. తమ ఇంట పుట్టిన బిడ్డలంతా చర్చిలోని బాప్తిస్మపు రాతి తొట్టి దగ్గరే పేరు పెట్టించుకున్నారు. ఈ పాప మాత్రం యాడికి పోతుంది?

సొన్నమ్మ మొగుడు బచ్చప్ప గని లోపల కప్పు కూలకుండా కొయ్య దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని, గని మూతపడటానికి రెండేళ్ళ ముందే పోయాడు. ఆదివారం వాక్యం చదివేది ఆయనే. కొడుకు ఒక్కడే మిగిలాడు. బాప్తిస్మంలో దానియేలని పేరు పెట్టినా, తాత పేరుతో మునియప్ప అనే అందరూ పిలుస్తారు. బెంగళూరులో ఒక బట్టల గోడౌన్‌కు కాపలా. కోడలు లైన్లలోనే ఒక కుట్టుపని చోటికి పోతుంది. ఎనిమిది నెలల పాప పగలంతా సొన్నమ్మ ఒళ్ళోనే.

శ్రమకాలం శుక్రవారాల్లో ఇంటింటా ప్రార్థన కూడికలు మొదలైనాయి. ఆ వేసవి గాలికి, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల తెల్లదుమ్ము లేచి గిన్నెల్లో, పడకల్లో, పాటల పుస్తకాల మధ్య కూడా పడేది. అయినా చాలా ఏళ్ళకు ఆ ఇళ్ళల్లో జనం కదలాడారు. ఓబలప్ప గనిలో వైండింగ్ ఇంజన్ నడిపినవాడు. షిఫ్టు షిఫ్టుకూ మనుషుల్ని భూమి లోపలికి దింపి, మళ్ళీ పైకి తెచ్చినవాడు. ఇప్పుడు ఈ సంఘాన్ని కూడా అట్లా పైకి లాగొచ్చునని నమ్మాడు. చర్చికి సున్నం కొట్టిద్దామన్నాడు. పిల్లలకు సాయంత్రం తెలుగు బడి పెడదామన్నాడు. క్యాసంబళ్ళి వైపు పల్లెల్లో మనవాళ్ళుండారు, ఒకప్పుడు కోతల పండుగకు రాగి మూటలతో వచ్చేవాళ్ళు, వాళ్ళను మళ్ళీ పిలుద్దామన్నాడు. ఏది చెప్పినా చివరికి బాప్తిస్మం దగ్గరికి వచ్చేవాడు. బిడ్డ చేరే సంఘాన్ని ఎవరు మూస్తారు అనేవాడు.

చెన్నమ్మ తన పెళ్ళినాటి తెల్లచీర కత్తిరించి పాపకు గౌను కుట్టసాగింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. కుట్టింది విప్పి, మళ్ళీ కుట్టేది. సొన్నమ్మ వద్దన్నా వినలేదు.

కొడుకుతో చెప్పాలని సొన్నమ్మ ప్రతి ఆదివారం అనుకునేది. మునియప్ప పడుకుని ఉండేవాడు, లేదా ఏదో పని మీద కోలారుకు పోయేవాడు. ఒకసారి తలుపు దగ్గర నిలబెట్టి, "పాపకు ఈస్టరుకు అనుకుంటా ఉండామప్పా" అంటే, తర్వాత మాట్లాడదాం లేమ్మా అని చెప్పులేసుకున్నాడు. అలసటేలే అనుకుంది.

శ్రమకాలం సగం గడిచాక ఓబలప్ప, తీతు అయ్యగారు, సొన్నమ్మ బస్సెక్కి క్యాసంబళ్ళి పోయినారు. ఊరి బయట చిన్నవెంకటప్ప ఇల్లు. ఆయన తండ్రి గనిలో బచ్చప్పతో పనిచేసినవాడు. చిన్నవెంకటప్ప కూడా ఆ రాతి తొట్టి దగ్గర బాప్తిస్మం పొందినవాడే. ఇప్పుడు రెండు ఆవులు, కొంచెం రాగిచేను. చూడగానే మంచం వాల్చి కూర్చోబెట్టాడు. పెళ్ళాంతో రాగిముద్ద చేయించి, ఉలవచారు పోయించాడు. ఓబలప్ప చెప్పిందంతా అడ్డం రాకుండా విన్నాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ అప్పుడు మాట్లాడాడు.

"అయ్యగారూ, బేజారు చేసుకోవద్దండి. ఇంగ మీదట బైబిలు చేతబట్టుకుని మా ఇంటికి రావద్దు" అన్నాడు.

కూతురు కోలారులో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఎస్సీ కోటాలో వచ్చిన సీటు. క్రైస్తవులని తెలిస్తే ఆ సర్టిఫికెట్ చెల్లదు. ఊళ్ళో గిట్టనివాడు ఒక్కడు అర్జీ పెడితే చాలు. ఈ పక్కన మన ఇళ్ళన్నీ ఇంతేనని చెప్పాడు. సొన్నమ్మ వైపు తిరిగి, దేవుడి మీద నాకు కోపం లేదక్కా, పిల్ల చదువు ఆగిపోతుందని భయమంతే అన్నాడు.

బస్సులో సొన్నమ్మ ఊరుకోలేదు. కడుపు కోసం దేవుణ్ణి దాచుకునేవాడు మనిషేనా అంది. వాడి నాయన వింటే గోరీలోంచి లేచొస్తాడంది. ఓబలప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తీతు అయ్యగారు మాత్రం, ఆ మాట అనొద్దమ్మా, మనకు తెలీదు అన్నాడు. ఏం తెలీదో చెప్పలేదు.

ఆ వచ్చే ఆదివారం ఆమె కొడుకు దగ్గర కూర్చుంది. ఈస్టరుకు అధ్యక్షులే వస్తారనీ, గౌను కూడా తయారవుతోందనీ, ఏం పేరు పెట్టాలో మీరిద్దరూ చెప్పండనీ అంది. కోడలు పాపను ఎత్తుకుని లోపలికి పోయింది. మునియప్ప వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"పాపకు బాప్తిస్మం వద్దమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. ఈ ఈస్టరుకు వద్దా అని అడిగింది. ఎప్పటికీ వద్దన్నాడు. ఒక సర్కారు ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాడట. కోలారుకు తిరిగేది దానికోసమే. గోడౌన్ వాళ్ళు ఎప్పుడు తీసేస్తారో తెలీదు. ఎస్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు ఆఫీసు మనిషి లైన్లలోకి వచ్చి ఇరుగుపొరుగును అడుగుతాడు. ఈస్టరు రోజు అధ్యక్షులొచ్చి, సంఘమంతా చేరి, పాపకు తెల్లగౌను తొడిగితే ఇంక దాచేదేముంది?

"మీ నాయన బతికుంటే..." అని ఆమె మొదలుపెట్టింది.

"నాయనే రాయించినాడమ్మా" అన్నాడు మునియప్ప. "బడిలో చేర్చేటప్పుడు హిందూ అని నాయనే చెప్పినాడు. బయటికొచ్చి నన్ను ఎత్తుకుని ఏడ్చినాడు. అమ్మకు చెప్పొద్దురా అన్నాడు."

సొన్నమ్మ గోడకు ఆనుకుంది. బస్సులో తానన్న మాటలు ఒక్కొక్కటీ ఆమె మీదికే తిరిగొచ్చినాయి. ఇరవై ఏళ్ళు ఆ మనిషి ప్రతి ఆదివారం వాక్యం చదివాడు. లోపల ఈ సంగతి పెట్టుకుని చదివాడు. ఒక్కసారి కూడా ఆమెతో అనలేదు. ఆమె ఎట్లాంటిదో తెలుసు కాబట్టే అనలేదు.

ఎవరికీ తెలియకుండా అయ్యగారిని ఇంటికి పిలిచి చేయిద్దామని అడిగింది. కొడుకు ఒప్పుకోలేదు. "కడుపు కోసం ఒక అబద్ధం ఆడతా ఉండాను. దాని మీద ఇంగొకటి ఆడించొద్దమ్మా" అన్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు. ఓబలప్ప మామకు కూడా చెప్పొద్దన్నాడు. లైన్ల గోడలు ఎంత పలచనో ఆమెకు తెలియనిది కాదు.

ఆమె చెప్పలేదు. బాప్తిస్మం లేదని కూడా చెప్పలేదు. కొడుకు మనసు మారుతుందేమోనని చూసింది. శుక్రవారం కూడికల్లో మోకాళ్ళూని, అందరూ పాపకోసం ప్రార్థన చేస్తుంటే తల ఇంకా కిందికి వంచేది. చెన్నమ్మ గౌను పూర్తిచేసి, ఇస్త్రీ చేయించి తెచ్చిచ్చింది. సొన్నమ్మ దాన్ని పెట్టెలో అన్నింటికంటే అడుగున పెట్టింది. ఆ వారం ఆమెకు అన్నం సహించలేదు. కోడలు గమనించి, మజ్జిగైనా తాగత్తా అని గ్లాసు చేతిలో పెట్టేది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు.

మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు మధ్యాహ్నం ఇంట్లో ఆమె, పాప తప్ప ఎవరూ లేరు. పాప చాప మీద గిన్నె బోర్లించి వాయిస్తోంది. సొన్నమ్మ లేచి తలుపు వేసింది. కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచింది.

పాస్టరు అందుబాటులో లేనప్పుడు, బిడ్డ ప్రాణం మీదికి వస్తే, విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చు. ఇది ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్ళ మొదటి బిడ్డ పుట్టిన తెల్లవారే నీలుక్కుపోతుంటే బచ్చప్ప ఇదే కుండ దగ్గర దోసిట్లో నీళ్ళు పట్టి, పౌలు అని పేరు పెట్టి, వాడి నెత్తిన పోశాడు. ఆ నీళ్ళు తుడవకముందే బిడ్డ పోయాడు.

ఆమె పాప ముందు కూర్చుంది. చేతిలోకి నీళ్ళు ఒంపుకుంది. ముందు బిడ్డ పేరు చెప్పాలి, తర్వాతే తండ్రి పేరట, కుమారుని పేరట. పాపకు పేరు లేదు. ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు, తల్లిదండ్రులకు ఎన్నటికీ తెలియని పేరు. పాప ఆమె ముఖంలోకి చూసి నవ్వింది. కింద కొత్తగా వచ్చిన రెండు పళ్ళు. ముందుకు పాకి, తడి వేళ్ళు పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

ఆ నీళ్ళు చచ్చిపోయే బిడ్డకు పోసేవి. ఈ బిడ్డ బతికి ఉంది. తల్లీ తండ్రీ ఉన్నారు, ఇంకో గంటకు తల్లి వచ్చి పాలు ఇస్తుంది. బతికున్న బిడ్డను చచ్చిపోతున్నట్టు చేసి, కన్నకొడుకు దగ్గర దొంగిలించి, దేవుడికి ఇచ్చానని చెప్పుకోవడం సొన్నమ్మకు చేతకాలేదు. అరచేతిలో నీళ్ళు కారిపోయినాయి. చెంబు పాప నోటికి అందించింది. పాప రెండు గుక్కలు తాగి, మిగతాది మీద పోసుకుంది. సొన్నమ్మ కొంగుతో తుడిచి, ఎత్తుకుని, తలుపు తీసింది. చేసినా ఏడ్చేది. చెయ్యకపోయినా ఏడుపే వచ్చింది.

మట్టల ఆదివారం ఆరాధన తర్వాత అందరూ కూర్చున్నారు. ఈతమట్టలు ఇంకా ఒళ్ళో ఉన్నాయి. ఓబలప్ప లేచి తన ఆలోచనలు ఒక్కొక్కటే చెప్పసాగాడు. క్యాసంబళ్ళి మాట ఎత్తలేదు. సున్నం, తెలుగు బడి, నెలకొకసారి బెంగళూరులో ఉన్న మనవాళ్ళను రప్పించడం. ఈస్టరు బాప్తిస్మం దగ్గరికి రాగానే గొంతు పెంచాడు. ఇంక ఆలస్యం చేస్తే అతను ఆశతో మరీ పైకి ఎక్కి పడతాడని సొన్నమ్మ లేచింది.

"అన్నా, పాపకు బాప్తిస్మం లేదు."

ఎందుకు లేదని అడిగారు. జ్వరమా అన్నారు. ఈస్టరు దాటాక పెట్టుకుందామా అన్నారు. లేదంది. కొడుకు ఒప్పుకోలేదా అని ఎవరో అడిగారు. మునియప్పను ఏమీ అనొద్దు, నేనే తొందరపడి నోరు జారినాను అంది. మరి ఇన్ని వారాలూ ఎందుకు చెప్పలేదని అడిగితే, కొంగు సర్దుకుని కూర్చుంది. తీతు అయ్యగారు ఒక్కడే ఏమీ అడగలేదు. చెన్నమ్మ ఆమె వైపు చూడకుండా చేతిలోని ఈతమట్టను ముక్కలు ముక్కలుగా చీల్చింది.

ఓబలప్ప అట్లాగే నిలబడి ఉన్నాడు. "ముందే చెప్పింటే నేను ఇంత మాట్లాడేవాణ్ణి కాదు కదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. అరవ సంఘంలో కలవడానికి ఇష్టమైనవాళ్ళు చేతులెత్తమని తీతు అయ్యగారు అడిగాడు. ఒకరిని చూసి ఒకరు ఎత్తారు. చెన్నమ్మ ఎత్తింది. సొన్నమ్మ కూడా ఎత్తింది. ఓబలప్ప చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి.

శుభ శుక్రవారం ఆ చర్చిలో చివరి ఆరాధన. సిలువ మీద పలికిన ఏడు మాటలూ చదివారు. 'నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి' అనే నాలుగో మాట ఎప్పుడూ చదివే ఓబలప్ప రాలేదు. తీతు అయ్యగారే చదివాడు. ఈస్టరు నాడు అందరూ నడిచి అరవ చర్చికి పోయినారు. అధ్యక్షులు అక్కడికే వచ్చారు. వాళ్ళు గుమ్మంలో ఎదురొచ్చి, చేతులు పట్టుకుని, ముందు బెంచీలు ఇచ్చారు. మీరూ ఒక తెలుగు పాట పాడండని ఎంతో మర్యాదగా అడిగారు. పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఓబలప్పే. అతను లేక ఎవరు ఎత్తుకోవాలో తెలియలేదు. కాసేపు చూసి, వాళ్ళే అరవపాట అందుకున్నారు.

మర్నాడు పొద్దెక్కాక సొన్నమ్మ ఓబలప్ప ఇంటికి పోయింది. కొడుక్కు ఇచ్చిన మాట తప్పాలనే పోయింది. ఈ మనిషి తనను అబద్ధాలకోరుగా తలుచుకుంటూ బతకడం ఆమెకు నచ్చలేదు. అతను వాకిట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె గడప మీద కూర్చుని, గొంతు తగ్గించి, అంతా చెప్పింది. సర్టిఫికెట్, కోలారు తిరుగుళ్ళు, బచ్చప్ప బడిలో చెప్పిన మాట. ఏదీ దాచలేదు.

ఓబలప్ప కదలకుండా విన్నాడు. స్టూలు ఆమె దగ్గరికి లాక్కున్నాడు.

"మా ఇంట్లోనూ అంతే సొన్నమ్మా. బెంగళూరులో ముగ్గురు మనవళ్ళు ఉండారు. ఒక్కనికీ బాప్తిస్మం లేదు. సంఘపెద్దని కదా, ఎట్ల చెప్పేది?"

చెన్నమ్మ వాళ్ళో అని ఆమె అడిగింది. అడగలేదన్నాడు. అడిగినా చెప్పదన్నాడు. అధ్యక్షులు ఆ మాట అడిగినప్పుడు ఎవరూ నోరు తెరవకపోవడం ఆమెకు అప్పుడు మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది. ఒక్కొక్కరూ తమ ఇంటి సంగతే దాచుకుంటున్నామనుకున్నారు.

"నువ్వు లేచి చెప్పినావే ఆ పొద్దు," అన్నాడు ఓబలప్ప, "ఒక్క ఇల్లయినా మిగిలి ఉండాది అనుకున్నాను. ఆ ఒక్క ఇంటి కోసమే ఇంత చేసినాను."

ఆమె క్షమించమని అడగాలని వచ్చింది గానీ, దేనికి అడగాలో ఇప్పుడు తెలియడం లేదు. వచ్చే ఆదివారం రమ్మంది. చూస్తానన్నాడు. అతను ఆ ఆదివారం రాలేదు. తర్వాత కూడా రాలేదు.

వానలు మొదలయ్యే ముందు మునియప్పకు సర్టిఫికెట్ వచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు. గోడౌన్‌లోనే ఉన్నాడు. పాప గోడ పట్టుకుని నిలబడుతోంది. కోడలు ముద్దుగా ఏదో ఒక పేరుతో పిలుస్తుంది, ఆ పేరే స్థిరపడేట్టుంది.

సొన్నమ్మ ప్రతి ఆదివారం అరవ చర్చికి పోతుంది. చెన్నమ్మ పక్కనే నడుస్తుంది. గౌను గురించి ఇద్దరూ మాట్లాడుకోరు. పుట్టింది మొదలు ఈ లైన్లలోనే కాబట్టి సొన్నమ్మకు అరవం బాగానే వచ్చు. అందులో బేరమాడుతుంది, పోట్లాడుతుంది, పక్కింటి చావులో శోకాలు కూడా పెడుతుంది. అయితే అక్కడ ప్రార్థనకు అందరూ తలలు వంచినప్పుడు ఆమెకు లోపల ఒక్క మాట కూడా రాదు. కళ్ళు మూసుకుని, వాళ్ళు ఆమెన్ అనేదాకా ఊరికే నిలబడి ఉంటుంది.